స్టేడియం కచేరీకి టికెట్ కొంటున్నారా? ఆ సీటు నుంచి వేదిక కనిపిస్తుందో లేదో ముందే తేల్చుకోండి

స్టేడియంలో జరిగే పెద్ద సంగీత కచేరీలకు టికెట్లు కొనేవారికి ఇది హెచ్చరిక. వేదికకు పక్కగా, బాగా దగ్గరగా ఉన్నాయంటూ ఎక్కువ ధరకు అమ్మే సీట్లను వివరాలు అడగకుండా కొనకండి. నేను, మా అక్క అలాంటి సీట్లలోనే కూర్చుని వచ్చాం.

సీట్ల పటంలో వేదిక ఒక చిన్న పెట్టెలా గీసి ఉంది. మా సీట్లు దాని పక్కనే, కింది అంతస్తులో ఉన్నాయి. తీరా వెళ్లి కూర్చుంటే, ఎదురుగా ఇనుప గొట్టాలతో కట్టిన ఎత్తైన టవరు. దానికి నల్లగుడ్డ చుట్టి, పైనుంచి స్పీకర్లు వేలాడదీశారు. గాయకుడు వేదిక అంచుకు వచ్చినప్పుడు మాత్రమే మాకు కనిపించాడు. పోనీ పెద్ద తెర మీదైనా చూద్దామంటే, అది మా వైపు నుంచి సన్నని వెలుగు చారలా ఉంది. మా వరుసలోని ఒక పెద్దాయన నాలుగు మెట్లు దిగి చూడబోయిన ప్రతిసారీ భద్రతా సిబ్బంది వెనక్కి పంపేశారు. ఆయనా డబ్బు కట్టి వచ్చినవాడే కదా!

నిర్వాహకులను అడిగితే, ‘కొన్ని సీట్ల నుంచి వేదిక పూర్తిగా కనిపించకపోవచ్చు’ అని నిబంధనల్లో రాశామన్నారు. నిజమే, రాశారు. కానీ మేము సీటు ఎంచుకుని డబ్బు కట్టిన పేజీలో ఆ మాట ఎక్కడా లేదు. అడ్డు ఉన్న సీటని చెప్పి తక్కువ ధరకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. చాలామంది సంతోషంగా కొనుక్కుంటారు కూడా. చెప్పకుండా మంచి సీటు ధరకు అమ్మడం అన్యాయం.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మీరు సరైన ప్రశ్నలు అడగగలరు. స్టేడియం ఆటల కోసం కట్టింది. అందులోని సీట్లన్నీ మైదానం వైపు చూస్తాయి. కచేరీకి వేదికను సాధారణంగా ఒక కొసన వేస్తారు. దాని చుట్టూ స్పీకర్ల టవర్లు, దీపాల స్తంభాలు, మైదానం మధ్యలో ధ్వని నియంత్రణ వేదిక వస్తాయి. చాలాసార్లు ఇవన్నీ ఖరారయ్యేలోపే టికెట్ల అమ్మకం మొదలైపోతుంది. అందుకే పటంలో టవరు కనిపించదు.

శబ్దం సంగతి కూడా అంతే. పెద్ద స్పీకర్లను మైదానం వైపు గురిపెడతారు. వేదిక పక్కన కూర్చున్నవారికి తాళం దెబ్బలు గుండెకు తగులుతాయి గానీ, పాటలోని మాటలు తెలియవు. పైగా శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది. వంద మీటర్ల అవతలి గోడకు తగిలి తిరిగి వచ్చేసరికి అర సెకనుకు పైగా గడిచిపోతుంది. మేము ప్రతి పదాన్నీ రెండుసార్లు విన్నాం.

కాస్త దూరమైనా వేదికకు ఎదురుగా, ధ్వని నియంత్రణ వేదికకు వెనకో పక్కనో ఉన్న సీట్లు చూసుకోండి. ధ్వని నిపుణులు అక్కడ కూర్చునే శబ్దాన్ని సరిచేస్తారు కాబట్టి అక్కడ పాట బాగా వినిపిస్తుంది. పక్క సీట్లే మిగిలితే, వేదిక, తెర రెండూ కనిపిస్తాయా అని నిర్వాహకులకు రాసి అడగండి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. డబ్బు కట్టే ముందు ఆ పేజీ మొత్తాన్ని ఫొటో తీసి ఉంచుకోండి.

పిల్లలను తీసుకెళ్లేవారికి ఒక మాట. ఇలాంటి కచేరీలు జరిగే చోట్ల శబ్దం సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. స్పీకర్లకు దగ్గర సీట్లయితే చెవులకు రక్షణ తప్పనిసరి.

వెళ్లాక అడ్డు కనిపిస్తే కచేరీ అయ్యేదాకా ఆగకండి. సీటు సంఖ్య, ఎదురుగా ఉన్న టవరు ఒకే ఫొటోలో వచ్చేలా తీసి, మొదటి పాటకే సిబ్బందికి చూపించి సీటు మార్చమనండి. మా వెనక వరుసలోని ఇద్దరికి అలాగే వేరే చోట సీట్లు ఇచ్చారు. మమ్మల్ని మాత్రం ఖాళీలు అయిపోయాయని పంపేశారు.

తర్వాత మాకు మరో కచేరీకి రాయితీ ఇస్తామన్నారు. వద్దన్నాం, కట్టిన డబ్బులో తేడా తిరిగి ఇమ్మన్నాం. ఇప్పుడు ఫొటోలు జతచేసి కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేశాం. ఆ రాత్రి అదే వైపు కూర్చున్నవారు మీలో ఎవరైనా ఉంటే, మీరు కూడా మీ బ్యాంకుకు రాయండి. ఫిర్యాదుకు గడువు ఉంటుంది, అది దాటనివ్వకండి.