షమినాద్ పియానో: ప్లేటా, పేపర్ రోలా?

ఫ్రెంచ్ స్వరకర్త సెసిల్ షమినాద్ (1857–1944) చిన్న చిన్న పియానో రచనల్ని అప్పట్లో యూరప్, అమెరికా ఇళ్లలో తెగ వాయించేవారు. ఆవిడ స్వయంగా వాయించినవి మనకు రెండు రకాలుగా దొరుకుతాయి.

ఒకటి, 1901లో లండన్‌లో ఇచ్చిన గ్రామఫోన్ ప్లేట్లు. మైకుతో రికార్డింగ్ ఇంకా రాలేదు. శబ్దం బూరాలోంచి నేరుగా సూదికి వెళ్లేది. అందుకే ఆవిడ రచన ‘పియెరెట్’ వింటే పకోడీలు వేగుతున్నట్టు ఒకటే చిటపట, దాని వెనకెక్కడో సన్నగా పియానో. కింది స్వరాలు సగం మాయం. పైగా ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరగాలన్న వేగం అప్పటికి ఖాయం కాలేదు. కాస్త స్పీడుగా తిప్పామా, శ్రుతి పెరిగిపోతుంది, ఆవిడేదో హడావిడి పడుతున్నట్టూ ఉంటుంది.

రెండోది పియానో రోల్. కాగితం మీది చిల్లుల్ని బట్టి అసలు పియానోనే మోగుతుంది. శబ్దం శుభ్రం. కానీ ఆ చిల్లుల్ని ఫ్యాక్టరీలో దిద్దేవారు, తప్పు స్వరాలు తీసేసేవారు. ఏ మీట ఎంత గట్టిగా నొక్కారన్నది మామూలు రోల్‌లో నమోదే కాదు.

పని చేసుకుంటూ వినడానికి రోల్ హాయి. ఆవిడ వేళ్లు వినాలంటే మాత్రం నా ఓటు ప్లేటుకే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండోసారి కూడా వినండి. మొదటిసారి గోల తప్ప ఏమీ అందదు.