చ్‌మోడ్ కమాండులో అంకెలు మేలా, అక్షరాలు మేలా?

లినక్స్‌లో ఫైళ్ల, డైరెక్టరీల అనుమతులను మార్చే చ్‌మోడ్ కమాండును రెండు విధాలుగా ఇవ్వవచ్చు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 చొప్పున కూడి, ఓనరుకు, గ్రూపుకు, ఇతరులకు ఒక్కొక్క అంకె రాయడం మొదటి పద్ధతి. జి+డబ్ల్యూ అని రాసి గ్రూపుకు రాసే అనుమతి చేర్చడం, ఓ-ఆర్ అని రాసి ఇతరులకు చదివే అనుమతి తీసివేయడం రెండవది.

పాత అనుమతులు ఏవైనా సరే, చివరికి ఏవి ఉండాలో అంకెలు ఒక్కమాటలో చెప్పేస్తాయి. అందుచేత, దూరపు కంప్యూటరులోకి భద్రంగా లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేటు కీ వంటి ఒంటరి ఫైలుకు 600 అని రాయడమే మేలు. ఆ కీని ఇతరులు చదవగలిగేలా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని వాడడానికే ఒప్పుకోదు.

డైరెక్టరీని దాని లోపలి ఫైళ్లతో సహా మార్చవలసి వచ్చినప్పుడు మాత్రం అంకెలు ప్రమాదకరం. అన్నిటికీ 644 ఇస్తే డైరెక్టరీల నుంచి ఎక్స్ (నడిపే) అనుమతి పోయి, రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) కాని ఓనరు సైతం వాటిలోకి వెళ్లలేడు. 755 ఇస్తే బొమ్మల ఫైళ్లూ టెక్స్ట్ ఫైళ్లూ కూడా నడపదగిన ప్రోగ్రాములుగా గుర్తు పడతాయి. ఇక్కడ అక్షరాల పద్ధతిలోని కేపిటల్ ఎక్స్ ఎంతో ఉపయోగపడుతుంది, ఎందుకంటే అది నడిపే అనుమతిని డైరెక్టరీలకూ, అప్పటికే ఎవరికో ఒకరికి ఆ అనుమతి ఉన్న ఫైళ్లకూ మాత్రమే ఇస్తుంది. అయితే ముందే అన్నిటికీ 755 ఇచ్చేసి ఉంటే కేపిటల్ ఎక్స్ దాన్ని సరిదిద్దలేదు. ఫైండ్ కమాండుతో ఫైళ్లను, డైరెక్టరీలను విడదీసి, ఫైళ్లకు 644, డైరెక్టరీలకు 755 ఇవ్వాలి. ఏదీ పనిచేయనప్పుడు 777 ఇమ్మనే సలహాను నేను ఏ సర్వరు మీదా సమర్థించను, ఎందుకంటే అది అడ్డంకి ఎక్కడుందో చెప్పకుండానే అందరికీ రాసే హక్కు ఇచ్చేస్తుంది.

అక్షరాలలోనూ ఒక మెలిక ఉంది: ఎవరికో చెప్పకుండా ఉత్త +డబ్ల్యూ అని రాస్తే కొత్త ఫైళ్లకు ఏ అనుమతులు ఇవ్వకూడదో చెప్పే యూమాస్క్ అడ్డుపడుతుంది కనుక, యూమాస్క్ 022 ఉన్నచోట ఆ అనుమతి ఓనరుకే దక్కుతుంది.

ఇక సరిచూసుకోవడానికి, ఎల్‌ఎస్ హైఫన్ ఎల్ చూపే పది గుర్తులు చాలాసార్లు సరిపోతాయి. డైరెక్టరీకైతే డి కూడా చేర్చాలి, లేకుంటే దానికి బదులు లోపలి ఫైళ్ల జాబితా వస్తుంది. అనుమతులు అంకెల్లో కావాలంటే స్టాట్ వాడవచ్చు. కానీ ఫైలు 644గా కనిపిస్తున్నా వెబ్ సర్వరు దాన్ని చదవలేకపోతుంటే ఈ రెండింటికన్నా నేమ్‌ఐ హైఫన్ ఎల్ మేలు; అది రూట్ డైరెక్టరీ నుంచి ఆ ఫైలు దాకా దారిలోని ప్రతి డైరెక్టరీ అనుమతులనూ వరుసగా చూపుతుంది, 700గా ఉన్న హోమ్ డైరెక్టరీ దారికి అడ్డంగా ఉంటే అక్కడే బయటపడుతుంది. ఎల్‌ఎస్ వరుసలో అనుమతుల చివర ప్లస్ గుర్తు కనిపిస్తే మాత్రం ఏసీఎల్ (ఒక్కొక్క యూజరుకు, గ్రూపుకు విడిగా ఇచ్చే అనుమతుల జాబితా) ఉన్నట్టు. అప్పుడు గ్రూపు స్థానంలో కనిపించేది నిజానికి మాస్క్ (ఆ విడి అనుమతులకు గరిష్ఠ పరిమితి) కనుక, ఏసీఎల్‌ను చూపే గెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండుతో చూడకుండా చ్‌మోడ్ జోలికి వెళ్లకూడదు.