బాల్కనీ పక్షుల కిట్టు: బెజవాడ ఎండకు ఆగేదేది, అటకెక్కేదేది

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు. అది వెళ్ళీ వెళ్ళకముందే బెజవాడ, గుంటూరు డాబాల మీద సందడి మొదలవుతుంది. తెల్లారగానే కంసాలిపిట్ట ఎక్కడో చిటారు కొమ్మన కూర్చుని టుక్ టుక్‌మని సమ్మెట వేస్తుంటుంది. తేనెపిట్ట వసారా మూలన సాలెపోగులు పీక్కుపోతుంది. ఉడుత డోర్‌మ్యాట్ పీచు లాగేస్తుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే ఫోను తెరిస్తే ‘బాల్కనీ బర్డ్ కిట్’ ప్రకటనలు. ఒకే డబ్బాలో నీళ్ళ గిన్నె, గింజల ఫీడర్, పిచ్చుక గూడు, తేనెనీళ్ళ సీసా, బుల్లి బైనాక్యులర్, పక్షుల బొమ్మల పటం, మొత్తం ఆరు. ధర రెండు వేలకు కాస్త లోపు. కంపెనీ పేరుతో పని లేదు, ఇదే సరుకు రకరకాల పేర్లతో దొరుకుతుంది. ఆరింటిలో చిన్న మరమ్మతుతో పనికొచ్చేవి రెండు, పట్టపగలు మాత్రమే పనిచేసేది ఒకటి, మిగతా మూడూ దండగ.

చిక్కంతా ఈ కిట్టు పుట్టిన చోటుతో వచ్చింది. మంచు కప్పేసిన నేలలో పక్షికి తిండి దొరకదు. అందుకని ఆ దేశాల్లో గింజలు పెడతారు, తోటలో పక్షుల్ని చూడ్డం అంటే వాళ్ళకు ఫీడర్ దగ్గర చూడ్డమే. మన దగ్గర ఫాల్గుణం, చైత్రాల్లో తిండికి లోటు లేదు. మోదుగ, బూరుగ విరగబూసి ఉంటాయి, మామిడి పూత మీద ఈగలూ పురుగులూ ముసురుతుంటాయి, రావి, మర్రి పళ్ళుంటాయి. లేనివల్లా నీళ్ళు, గూటికి కాస్త కన్నం. ఈ రెండూ అమర్చినవాళ్ళ డాబా మీదికి పక్షులు వాటంతటవే వస్తాయి. కిట్టులో పెద్దపీట వేసింది మాత్రం గింజలకి.

గిన్నె నుంచి మొదలెడదాం. కిట్టుకు ఇదే ప్రాణం కావాల్సింది, ఇదే అన్నిటికన్నా అధ్వానం. ఆరంగుళాల వెడల్పు, మూడంగుళాల లోతు, నిటారు గోడలు, నున్నటి ప్లాస్టిక్. పిచ్చుక నీళ్ళలోకి దూకి తాగే పిట్ట కాదు. అంచున నిలబడి ముక్కు ముంచుతుంది, స్నానానికైతే పొట్ట తడిసేంత లోతు చాలు. నున్నటి గోడ మీద కాలు ఆనదు. లోపల పడిన తేనెటీగ, ఉడుతపిల్ల పైకి ఎక్కి రాలేవు. ఖాళీ అయితే గాలికి ఎగిరిపోతుంది, నిండితే మధ్యాహ్నానికి నీళ్ళు వేడెక్కి పక్షి ముట్టదు. స్టీలు గిన్నె పెట్టినా అంతే, ఇంకా తొందరగా కాగుతుంది.

దాని బదులు కుండలమ్మేవాళ్ళ దగ్గర వెడల్పాటి మట్టి మూకుడు కొనండి. పూత పూసింది వద్దు, జారుతుంది, పైగా నీరు ఊరదు. అడుగు వెడల్పు, రెండంగుళాల లోతు ఉన్నదైతే రెండు లీటర్ల దాకా పడతాయి. కొత్త మూకుడు ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి వాడాలి. మట్టిలోంచి నీరు ఊరి ఆవిరవుతుంటుంది కాబట్టి లోపల చల్లగా ఉంటుంది. అందుకే నీళ్ళు తొందరగా తగ్గుతాయి కూడా. మార్చిలో రోజుకోసారి, ఏప్రిల్ నుంచి పొద్దునా మధ్యాహ్నం రెండుసార్లు నింపాలి. మధ్యలో ఒక గరుకు రాయి పెడితే చిన్న పిట్టలు దాని మీద నిలబడతాయి. పెట్టే చోటు కూడా ముఖ్యమే. పడమటి పిట్టగోడ పనికిరాదు. కుండీ మొక్కల నీడ పడాలి, కానీ గుబురుకు ఐదారడుగులు ఎడంగా ఉండాలి. మరీ ఆనుకుని పెడితే పిల్లి ఆ గుబురులోనే పొంచి ఉంటుంది. మరీ దూరం పెడితే డేగ నీడ పడ్డప్పుడు పిట్టకు దాక్కునే చోటు ఉండదు.

దోమల సంగతి చాలామంది అడుగుతారు. డెంగీ దోమ గుడ్లు నీళ్ళలో తేలవు, గిన్నె గోడకు తడి అంచున అతుక్కుంటాయి. గుడ్డు దోమయ్యేందుకు మన వేడికి వారం పది రోజులు. పాత నీళ్ళు పారబోసి కొత్తవి పోస్తే సరిపోదన్నమాట, కొబ్బరిపీచుతో గోడలు రుద్దాలి. రోజూ కుదరకపోతే మూడు రోజులకోసారైనా తప్పదు. సబ్బు వద్దు, మట్టి పీల్చుకుంటుంది. బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువున్న ఇళ్ళలో నెల తిరిగేసరికి తెల్లటి పెచ్చు కడుతుంది. నిమ్మచెక్కతో రుద్ది బాగా కడిగితే పోతుంది.

పిచ్చుక గూడు కిట్టులో కాస్త ఆలోచించి చేసిన వస్తువే, కానీ మూడు తప్పులున్నాయి. మొదటిది కన్నం. నలభై మిల్లీమీటర్లు పెట్టారు. ఊరపిచ్చుకకు ముప్ఫైరెండు సరిపోతుంది. అంతకన్నా పెద్దదైతే పిచ్చుక కన్నా దిట్టమైనవి దూరతాయి. వడ్రంగి చేత ముప్ఫైరెండు కన్నం వేసిన చిన్న ప్లైవుడ్ పలకో, రేకు పలకో కోయించి పాత కన్నం మీద మేకులతో బిగిస్తే సరి, రేకైతే అంచులు నున్నగా ఆకురాయి పట్టించాలి. రెండోది కన్నం కింద పెట్టిన పుల్ల. బొమ్మలో ముచ్చటగా ఉంటుంది, పిచ్చుకకు దానితో పని లేదు. కాకికీ ఉడుతకీ అది మెట్టు. రంపంతో కోసేయండి. మూడోది, అడుగున నీళ్ళు పోయే దారిగానీ, పైన గాలాడే దారిగానీ లేవు. అడుగున నాలుగు మూలలా ఆరు మిల్లీమీటర్ల కన్నాలు, కప్పు కింద రెండు పక్కలా రెండేసి వేయాలి. మే నెల ఎండలో మూసిన పెట్టె లోపల పిల్లలు ఉడికిపోతాయి.

చెక్క విషయానికొస్తే, ఇది అసలు చెక్కే కాదు, పొట్టు నొక్కిన ఎండీఎఫ్. ఒక్క వానకు అంచులు ఉబ్బుతాయి. చూరు కింద తడవని చోట పెడితే రెండేళ్ళు వస్తుంది. కొత్తగా చేయించుకునేవాళ్ళు పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకుని, లోపల నేల ఆరంగుళాల చదరం, ఎత్తు తొమ్మిది పది అంగుళాలు, కన్నం నేలకు ఐదారంగుళాల పైన ఉండేలా చెప్పండి. లోపలి వైపు రంగు, వార్నిష్ వేయించొద్దు. కన్నం కింద లోపలి పలకను కత్తితో అడ్డంగా గీతలు గీసి గరుకు చేస్తే, పిల్లలు బయటికొచ్చే రోజున కాళ్ళు ఆనించి ఎక్కగలవు.

కిట్టులో వేలాడదీసే గొలుసు ఇచ్చారు. దాన్ని పక్కన పడేసి గోడకు స్క్రూలతో బిగించండి. గాలికి తిరిగే పెట్టెలో పిచ్చుక సరిగా కుదురుకోదు. నేలకు ఎనిమిది పదడుగుల ఎత్తున, తూర్పు లేదా ఉత్తరపు గోడన, ఎండ పడని చోట ఉండాలి. సిమెంటు రేకు కప్పు కిందా, ఏసీ బయటి యూనిట్ వేడిగాలి కొట్టే చోటా అసలొద్దు. వరండాలో సీలింగ్ ఫ్యాన్ ఉంటే దాని దారికి దూరంగా. పిచ్చుకలు గుంపు జీవులు, ఒక్క గూటి కన్నా మూడునాలుగడుగుల ఎడంతో రెండు మూడు పెడితే తొందరగా కుదురుకుంటాయి. గుడ్లు పొదగడానికి పన్నెండు రోజులు అటూ ఇటూ, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు. ఆ నెల రోజులూ మూత తీసి చూడాలన్న ఆత్రం ఆపుకోవాలి. బైటనుంచే తెలిసిపోతుంది: ముక్కున పచ్చపురుగు పట్టుకుని లోపలికెళితే గుడ్లు పిల్లలైనట్టే.

ఆ పచ్చపురుగుల దగ్గరే చాలా ఇళ్ళలో తేడా వస్తుంది. పెద్ద పిచ్చుకలు గింజలు తింటాయి గానీ, కళ్ళు తెరవని పిల్లలకు పెట్టేది పురుగులే. కరివేపాకు మొక్క మీద రెట్టలా కనిపించే చిన్న గొంగళి, పెద్దయ్యాక ఆకుపచ్చగా లావుగా అయ్యేది, సీతాకోకచిలుక పిల్ల. నాలుగాకులు తింటుందని మందు కొడితే గూడు పెట్టినదంతా వృథా. కరివేపాకు రెండు కుండీలు పెంచండి, ఒకటి పప్పులోకి, ఒకటి వాటికి. దర్జీపిట్ట కూడా ఈ పురుగుల కోసమే వస్తుంది. వెడల్పాటి ఆకుల మొక్క ఉంటే దాని ఆకులే కుట్టి గూడు కడుతుంది.

ఇక ఫీడర్. పారదర్శక గొట్టం, నాలుగు కిటికీలు, కింద చిన్న పళ్ళెం. కిటికీలు పొద్దుతిరుగుడు గింజ సైజుకి చేశారు. కొర్రలు పోస్తే ఇసుకగడియారంలా కారిపోతాయి. నూకలు పోస్తే పొద్దుటి చెమ్మకు ఉండకట్టి ఇరుక్కుంటాయి. నిజంగానే పొద్దుతిరుగుడు పోస్తే రామచిలుకలు దిగి గింజతో పాటు ప్లాస్టిక్ కిటికీలు కూడా కొరికేస్తాయి. సజ్జలు ఒక్కటే సరిగ్గా దిగుతాయి. పళ్ళేనికి అడుగున కన్నాలు లేవు కాబట్టి నీళ్ళు నిలిచి గింజలు బూజు పడతాయి. బూజు గింజ పక్షికి విషమే. మూడు మిల్లీమీటర్ల కన్నాలు ఐదారు వేసి, గొట్టం నింపకుండా రోజుకు సరిపడా గుప్పెడు మాత్రమే పోయండి. సాయంత్రానికి మిగిలితే రేపు తగ్గించండి. నైలాన్ తాడును ఉడుత రెండు రోజుల్లో కొరుకుతుంది, జీఐ తీగతో కట్టుకోండి. చేగోడీ ముక్కలు, బ్రెడ్డు వేయొద్దు, ఉప్పూ నూనే వాటికి పడవు.

అసలు దీనికన్నా పదింతలు మెరుగైన ఫీడర్ మన ఊళ్ళలో ముందునుంచీ ఉంది, వరి కుచ్చు. కంకుల్ని అల్లి చూరుకో గుడి మండపానికో వేలాడదీసేది. పిచ్చుకకు కంకి పట్టుకుని ఊగుతూ ఒలుచుకోవడం చేతనవును, పావురానికి అంత బరువుతో వేలాడ్డం చేతకాదు. అపార్టుమెంట్లలో ఇదే ముఖ్యం. నేల మీద గింజలు చల్లారంటే వారంలో పావురాలు చేరి పిచ్చుకల్ని తరిమేస్తాయి, రెట్టల ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఫీడరే వాడతామంటే చుట్టూ అంగుళంన్నర కళ్ళ ఇనుప జాలీ తొడిగితే పావురం రాలేదు, పిచ్చుక దూరుతుంది. కొత్తగా ఏది కట్టినా పది పదిహేను రోజులు ఒక్క పిట్టా రాకపోవచ్చు. చోటు మార్చకుండా ఉంచండి, రోజుకో చోట కడితే ఎప్పటికీ రావు.

తేనెనీళ్ళ సీసా గురించి రెండు మాటలు చాలు. అది హమ్మింగ్‌బర్డ్ కోసం చేసింది, ఆ పిట్ట అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేదు. మన ఎండకు పంచదార నీళ్ళు పూట తిరక్కుండా పులుస్తాయి, చీమలకు పండగ. తేనెపిట్ట కోసం రేకమందారం, నూరువరహాలు, హామీలియా కుండీల్లో పెట్టండి. ముద్దమందారం వద్దు, రేకుల గుబురులో దానికి ముక్కు పెట్టే దారి ఉండదు. పువ్వు మొదట్లో పక్కనుంచి కన్నం పొడిచి తేనె తాగడం చూడాలంటే మందారం చెట్టుకు పదడుగుల దూరంలో కుర్చీ వేసుకోవాలి.

బైనాక్యులర్ 10x25, అంటే పది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు ఇరవైఐదు మిల్లీమీటర్లు. పట్టపగలు ఎదురింటి టవర్ మీది చిలకను చూపిస్తుంది. కానీ పిట్టలు బాగా తిరిగేది పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం ఐదు తర్వాత. ఇరవైఐదుని పదితో భాగిస్తే కంటికి అందే వెలుగు చుక్క రెండున్నర మిల్లీమీటర్లు, తెల్లవారుజామున మసకే. పైగా పది రెట్లకు చెయ్యి వణుకు కూడా పది రెట్లు. మానకుండా చూడాలనుకునేవాళ్ళు 8x42 కొనుక్కోవాలి, అందులో అది ఐదు మిల్లీమీటర్లు దాటుతుంది. రెండు మీటర్ల దగ్గరి వస్తువు మీద ఫోకస్ కుదురుతుందో లేదో కొట్లోనే చూసుకోండి. కుదిరితే సీతాకోకచిలుకలు, ఎండాకాలంలో మెడ ఎర్రబారే మగ తొండ కూడా దాంట్లోనే. గుంటూరువాళ్ళు ఉప్పలపాడు చెరువు దగ్గర గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చూడ్డానికీ అదే పట్టుకెళ్ళొచ్చు.

పటం మీద మాత్రం నవ్వొచ్చింది. ఇరవై బొమ్మల్లో ఇక్కడ కనిపించేది పిచ్చుకొక్కటే. మిగతావన్నీ ఐరోపా తోటల పిట్టలు. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళ మెర్లిన్ యాప్ ఉచితం, ఇండియా ప్యాక్ దింపుకుంటే కూతను బట్టి కూడా పేరు చెబుతుంది. మగ కోయిల నలుపు, కన్ను ఎరుపు. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలు. రెండూ వేరే పిట్టలనుకునేవాళ్ళకు ఇది బాగా ఉపయోగం.

ఇంటి పక్క మునగచెట్టుకు ఎండుకొమ్మ ఉంటే వర్షాకాలం దాకా కొట్టించకండి. కంసాలిపిట్ట గూడు తొలిచేది అలాంటి కొమ్మలోనే, కన్నం ఎక్కువగా కొమ్మ అడుగువైపు ఉంటుంది. కింద తెల్లటి పొడి రాలుతుంటే పైకి చూడండి.