సులావేసి కోకో గింజలు కొనేవారికి హెచ్చరిక: శాంపిల్ ఒకటి, బస్తాలో మరొకటి

ఇండోనేషియాలోని సులావేసి దీవి నుంచి "చిన్న రైతుల దగ్గర నేరుగా కొన్నది, పూర్తిగా పులియబెట్టింది" అని చెప్పి ఎవరైనా కోకో గింజలు అమ్మజూపితే, డబ్బు పంపే ముందు ఇది చదవండి. మేం పది బస్తాలు కొని మోసపోయాం.

ముందు కిలో శాంపిల్ పంపారు. 100 గింజలు నిలువుగా కోసి చూశాం. 80కి పైగా మంచి గోధుమరంగులో, లోపల పగుళ్లు విచ్చి ఉన్నాయి. వేయిస్తే గదంతా చాక్లెట్ వాసన. ఆ సంతోషంలో మొత్తం డబ్బు ముందే కట్టేశాం. సరుకు దిగాక మొదటి మూడు బస్తాల్లో శాంపిల్ లాంటి గింజలే ఉన్నాయి. నాలుగోది విప్పి కోస్తే గుండె ఆగినంత పనైంది. వందలో 40 దాకా అచ్చం పలక రంగులో, పగులన్నదే లేకుండా గట్టిగా ఉన్నాయి. మిగతా ఆరు బస్తాలూ అంతే. వేయించి నోట్లో వేసుకుంటే వగరు, చేదు తప్ప ఏమీ లేదు.

అడిగితే, ఓడ ప్రయాణంలో తేమ పట్టి రంగు మారిందని అమ్మినవాడు జవాబిచ్చాడు. ఇదే మాట మీకూ చెబుతారు, అందుకే వివరంగా రాస్తున్నాను. తేమ సంగతి నిజమే కావచ్చు. కంటైనర్ లోపలి ఆవిరి పైకప్పుకు చేరి, చల్లబడ్డాక చుక్కలుగా బస్తాల మీద పడుతుంది. గింజలో తేమ 8 శాతం దాటితే బూజు పడుతుంది. మా మీటర్ 9 చూపించింది. అంతవరకు అతనితో వాదించలేకపోయాం. కానీ పలక రంగు ఓడలో వచ్చేది కాదు. కాయ కొట్టి తీసిన గింజల్ని గుజ్జుతో సహా కుప్పపోసి ఐదారు రోజులు పులియబెడితే కుప్ప 45 నుంచి 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడికీ పులుపుకీ గింజలోని మొలక చచ్చిపోయి, లోపలి రంగు మారడం మొదలవుతుంది. వేయించేటప్పుడు వచ్చే వాసనకు కావలసిన సరుకంతా అప్పుడే తయారవుతుంది. పలక రంగు ఉందంటే ఆ గింజ పులియలేదు, నేరుగా ఎండబెట్టేశారు.

సులావేసిలో ఎక్కువ సరుకు ఇలాంటిదే. అక్కడ దాన్ని అసలాన్ అంటారు. మన 'అసలు'కు దీనితో సంబంధం లేదు, ఎలా పడితే అలా ఉన్న గింజ అని అర్థం. ఇందులో రైతు తప్పు లేదని గట్టిగా చెప్పదలచుకున్నాను. వాళ్లవి చిన్న తోటలు, ఒక కోతకు వచ్చేది కొద్దిపాటి పచ్చి గింజ. అంత చిన్న కుప్ప సరిగా వేడెక్కదు. కాయతొలిచే పురుగుతో, కొమ్మలెండు తెగులుతో దిగుబడి ముందే దెబ్బతిన్నది. ఇక ఊళ్లో కొనే దళారి పులిసిన గింజకూ పులియని గింజకూ ఇంచుమించు ఒకే రేటు ఇస్తే, రైతు వారం రోజులు ఎందుకు ఆగుతాడు? కోకో వెన్న తీసే పెద్ద ఫ్యాక్టరీలకు పులియని గింజైనా పనికొస్తుంది. మాకు అమ్మినవాడు ఆ అసలాన్ కొని, పైన మూడు బస్తాల మంచి సరుకు పెట్టాడని నా నమ్మకం. మేం కట్టిన ఎక్కువ ధర రైతు దాకా వెళ్లి ఉండదు. నాకు అన్నిటికంటే బాధగా ఉన్నది అదే.

మా తప్పు కూడా ఉంది. ఒప్పందంలో "పులియబెట్టిన గింజలు" అని మాత్రమే రాసుకున్నాం, అంకెలు లేవు. ఇండోనేషియా ప్రమాణం ఎస్‌ఎన్‌ఐ 2323లో తేమ 7.5 శాతం మించకూడదు. పలక గింజలు మొదటి తరగతిలో 3 శాతం, మూడో తరగతిలో ఏకంగా 20 శాతం వరకు ఒప్పుతారు. కాబట్టి ఏ తరగతో ఒప్పందంలో రాయించండి. ఓడ ఎక్కకముందే ప్రతి బస్తా నుంచీ గింజలు తీసి కోయించండి, అమ్మేవాడితో సంబంధం లేని మనిషితో. కనీసం సగం డబ్బు ఆ లెక్క వచ్చేదాకా ఆపండి.

ప్రతి రైతూ ఇంట్లోనే పులియబెడతాడని చెబితే అనుమానించండి. నిజంగా చేసేవాళ్లు చాలామంది దగ్గర పచ్చి గింజ కొని, ఒకచోట చెక్కపెట్టెల్లో పులియబెడతారు. ఆ పెట్టెల దగ్గర నిలబడి, మూడో రోజు గింజలు తిరగేస్తూ, థర్మామీటర్ గుచ్చి వీడియో కాల్‌లో చూపించమనండి. ఇదే మాట మేం అడిగినప్పుడు మాకు పాత ఫొటోలు వచ్చాయి, వాటినే నమ్మాం.

ఏడు బస్తాలు ఇంకా గోడౌన్‌లోనే ఉన్నాయి. రెండు నెలలుగా అతను ఫోన్ ఎత్తడం లేదు.