వంటగట్టుకి ఏది వేయించాలి: గ్రానైట్, మార్బుల్, క్వార్ట్జ్, స్టీలు, చెక్క మీద నా అభిప్రాయం

షోరూములో మనం మొదట చూసేది రంగు, తర్వాత మెరుపు. కొత్తలో ఈ రెండూ ఏ పలకకైనా బాగానే ఉంటాయి, కాబట్టి వాటిని చూసి మాత్రమే కొంటే అసలు తెలుసుకోవాల్సింది ఏదీ తెలియకుండానే ఇంటికి వచ్చేస్తాం. నేను చూసేది వేరు. ఈ పలక దేనికి పాడవుతుంది, పాడైతే మళ్ళీ బాగుచేయొచ్చా? పాడవని గట్టు అంటూ లేదు. ఒకటి పులుపుకి పోతుంది, ఒకటి వేడికి, ఒకటి కత్తికి, ఇంకొకటి బరువైన గిన్నె జారి పడితే అంచు పెచ్చులూడుతుంది. మీ వంటింట్లో వీటిలో ఏది ఎక్కువ జరుగుతుందో మీకే తెలుసు, దాన్ని బట్టి ఎంచుకోండి.

ముందుగా గ్రానైట్. ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. దీనిలో ముఖ్యంగా ఉండేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద ఇవి 6 నుంచి 7 దాకా ఉంటాయి, మామూలు కత్తి ఉక్కు 5.5 దగ్గర ఆగిపోతుంది, అందుకే గ్రానైట్ మీద కత్తి పెడితే రాయికి గీత పడదు కానీ కత్తి పదును పోతుంది. కాబట్టి కటింగ్ బోర్డు తప్పదు, రాయి కోసం కాదు, కత్తి కోసం. వేడి గిన్నె దించినా సాధారణంగా ఏమీ కాదు. అయితే పొయ్యి మీంచి దించిన మూకుడుని సింక్ ముందున్న సన్నటి పట్టీ మీద పెట్టడం మాత్రం మానుకోండి, ఒకేచోట ఒక్కసారిగా వేడెక్కితే అక్కడే చీలిక వచ్చే అవకాశం ఎక్కువ.

గ్రానైట్‌కి ఉన్న అసలు బలహీనత సన్నని రంధ్రాలు. నూనె, కాఫీ లాంటివి చాలాసేపు నిలిస్తే లోపలికి ఇంకుతాయి. ఏ పలక ఎంత పీలుస్తుందో షాపువాళ్ళని అడగక్కర్లేదు, శాంపిల్ ముక్క మీద నాలుగు చుక్కల నీళ్ళు వేసి పది పదిహేను నిమిషాలు ఆగి తుడవండి. అక్కడ రాయి నల్లబడి కనిపిస్తే సీలర్, అంటే మరకలు లోపలికి ఇంకకుండా ఆపే ద్రవం, కావాలి, కనిపించకపోతే అక్కర్లేదు. లేత రంగువి ఎక్కువ పీలుస్తాయి. బ్లాక్ గ్రానైట్ పేరుతో అమ్మేవి చాలావరకు శాస్త్రం ప్రకారం గ్రానైట్లే కావు, గాబ్రో, డోలరైట్ లాంటి వేరే అగ్నిశిలలు, అవి బాగా దట్టంగా ఉంటాయి కాబట్టి సీలర్ లోపలికి దిగక పైనే ఉండిపోయి మసకగా కనిపిస్తుంది. అందుకని అందరూ వేయిస్తున్నారు కదా అని సీలర్ వేయించకండి, నీటి చుక్క ఏం చెబితే అదే చేయండి.

నల్ల పలక కొంటుంటే ఇంకో పరీక్ష కూడా చేయండి. కొన్నింటిని ఇంకా నల్లగా కనిపించడానికి రంగుతోనో నూనెతోనో రుద్దుతారు. తెల్ల గుడ్డని అసిటోన్‌లో తడిపి గట్టిగా రుద్దండి, గుడ్డకి నలుపు అంటితే ఆ పలక వదిలేయండి. లేకపోతే ఇంట్లో ఒక ఏడాది తుడిచేసరికి అక్కడక్కడా బూడిదరంగు మచ్చలు తేలతాయి, అప్పుడు ఎంత పాలిష్ చేయించినా పాత నలుపు రాదు.

మార్బుల్ చూడ్డానికి ఎంత బాగుంటుందో గట్టుగా అంత కష్టపెడుతుంది. ఇది కాల్షియం కార్బొనేట్, మోస్ స్కేలు మీద 3 దగ్గర ఉంటుంది, అంటే కత్తి మొన తగిలినా గీత పడుతుంది. దానికంటే పెద్ద సమస్య పులుపు. నిమ్మరసం, వెనిగర్, టమాటా రసం ఏది పడినా ఆమ్లం రాయి పైపొరని కరిగించేస్తుంది, కొద్ది నిమిషాల్లోనే మెరుపు పోయి మసక మచ్చ మిగులుతుంది. చాలామంది దీన్ని మరక అనుకుని రుద్దుతూ ఉంటారు. అది మరక కాదు, అక్కడ రాయే కొద్దిగా పోయింది, ఎంత రుద్దినా రాదు. సీలర్ వేస్తే పులుపు ఏమీ చేయదని ఎవరైనా చెబితే నమ్మకండి. సీలర్ ఆపేది లోపలికి ఇంకే మరకలనే, పైన జరిగే ఈ రసాయన చర్యని కాదు. అయినా మార్బులే కావాలంటే పాలిష్ కాకుండా హోన్డ్ ఫినిష్, అంటే మెరుపు లేని నున్నటి ఫినిష్ తీసుకోండి, మచ్చలు అంత కొట్టొచ్చినట్టు కనిపించవు. దీనికి ఉన్న మంచి గుణం కూడా చెప్పాలి, ఎంత పాడైనా మళ్ళీ అరగదీసి పాలిష్ చేయించుకోవచ్చు. ఎప్పుడూ చల్లగా ఉంటుంది కాబట్టి పిండి పనికి దీనికి మించింది లేదు. గట్టంతా వద్దు, పిండి పని చేసే చోట ఒక్క ముక్క పెట్టించుకుంటే సంతోషంగా ఉంటారు.

క్వార్ట్జైట్ అనేది ఇంకొకటి ఉంది. ఇసుకరాయి భూమి లోపల వేడికి, ఒత్తిడికి మారి ఏర్పడే సహజమైన రాయి ఇది, ఫ్యాక్టరీలో చేసే క్వార్ట్జ్‌తో సంబంధం లేదు. అసలైనది మోస్ 7 దాకా ఉంటుంది, చూపుకి మార్బుల్‌లా ఉండి గట్టిదనంలో గ్రానైట్‌కి తీసిపోదు. ఇబ్బంది ఏమిటంటే మార్బుల్‌నీ, డోలమైట్ అనే ఇంకో మెత్తటి రాయినీ ఈ పేరుతో అమ్మేవాళ్ళున్నారు. ముక్క మొనతో పాత గాజుని గీసి చూడండి. అసలుది అయితే గాజుకి గీత తేలిగ్గా పడుతుంది, మార్బుల్ అయితే పడదు. ఇంటికి తెచ్చిన ముక్క మీద నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా ఉంచితే ఉన్న అనుమానం కూడా తీరిపోతుంది.

ఇక ఈమధ్య అందరూ అడుగుతున్న క్వార్ట్జ్, అంటే ఇంజినీర్డ్ స్టోన్. బరువులో దాదాపు 90 శాతం పొడిచేసిన క్వార్ట్జ్ ఉంటుంది, మిగతాది ఎక్కువగా ఆ పొడిని పట్టి ఉంచే పాలియెస్టర్ రెజిన్ (జిగురులాంటి ప్లాస్టిక్), రంగులు. ఇటలీలోని బ్రెటన్ కంపెనీ అభివృద్ధి చేసిన పద్ధతే దీనికి ఆధారం. రంధ్రాలు దాదాపు ఉండవు, సీలర్ గొడవ లేదు, నిమ్మరసానికీ ఏమీ కాదు, రోజువారీ తుడుపుకి దీనంత సుఖమైనది ఇంకొకటి లేదని ఒప్పుకుంటాను. కానీ ఆ మిగిలిన కాస్త రెజిన్ దగ్గరే చిక్కంతా. వేడి 150 డిగ్రీలు దాటితే రెజిన్ రంగు మారుతుంది, పొయ్యి మీంచి నేరుగా దించిన మూకుడు సులువుగా అంతకంటే వేడిగా ఉంటుంది. పసుపుపచ్చటి గుండ్రటి మచ్చ పడిపోతుంది, అది కాలిన మచ్చ, పోదు. ఇంట్లో మళ్ళీ పాలిష్ చేద్దామన్నా ఫ్యాక్టరీ ఫినిష్‌తో కలవదు. వేడిగిన్నెని ఆలోచించకుండా గట్టు మీద దించే అలవాటు ఇంట్లో ఒక్కరికి ఉన్నా క్వార్ట్జ్ తీసుకోవద్దు అనే నేను చెబుతాను. ఆరుబయట వంటగట్టుకి కూడా వద్దు, ఎండలోని అతినీలలోహిత కిరణాలకి రంగు మారుతుంది.

ఇదే పదార్థం గురించి ఇంకో మాట, ఇది మన గట్టు గురించి కాదు, దాన్ని కోసే మనిషి గురించి. ఈ పలకల్ని నీళ్ళు పోయకుండా కోసినప్పుడు లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. ఇంకా వయసులో ఉన్న కార్మికులకి కూడా ఈ జబ్బు రావడం చూసి ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఇంజినీర్డ్ స్టోన్ తయారీ, సరఫరా, కోత, బిగింపు అన్నిటినీ నిషేధించింది, అలా చేసిన మొదటి దేశం అదే. బిగించేసిన గట్టు వాడేవాళ్ళకి ప్రమాదం లేదు, కోసేటప్పుడే ఉంది. గ్రానైట్‌లో సిలికా దీనికంటే తక్కువే అయినా అక్కడా ఉంటుంది. కాబట్టి ఏది కొన్నా సరే, కొలతలు ముందే ఇచ్చి కోతంతా వర్క్‌షాపులో నీళ్ళు పోస్తూ చేయమని గట్టిగా అడగండి. మీ వంటింట్లో నీళ్ళు లేకుండా గ్రైండర్ పెట్టి సింక్ కన్నం కోస్తామంటే ఒప్పుకోకండి, ఆ దుమ్ము మొదట పీల్చేది ఆ పనివాడే.

బాగుచేసుకునే వీలు విషయంలో నాకు బాగా నచ్చేది సాలిడ్ సర్ఫేస్. డ్యూపాంట్ కంపెనీ 1967లో కోరియన్‌ని కనిపెట్టింది కదా, ఆ రకం. యాక్రిలిక్‌లో అల్యూమినియం ఖనిజపు పొడి కలిపి చేస్తారు. గీతలు తొందరగా పడతాయి, వేడిని అసలు తట్టుకోదు, ఇవి దాచాల్సిన విషయాలు కావు. కానీ పైనుంచి కిందిదాకా ఒకే పదార్థం కాబట్టి గీత పడినచోట సన్నని ఉప్పుకాగితంతో రుద్దితే పోతుంది, అతుకులు కనబడకుండా కలిపేయొచ్చు, సింక్‌ని కూడా గట్టుతో ఏకంగా అతికించొచ్చు, మురికి చేరడానికి అంచే ఉండదు.

సింటర్డ్ స్టోన్, పోర్సెలిన్ పలకలు 1200 డిగ్రీల దరిదాపుల్లో కాల్చి చేసేవి. వేడి, పులుపు, ఎండ, గీతలు దేనికీ లొంగవు. అంచు మాత్రం పెళుసు, బరువైన గిన్నె తగిలితే పెచ్చు లేస్తుంది. కొన్నింటిలో డిజైన్ పైపొర మీదే అచ్చువేసి ఉంటుంది, పెచ్చు లేచినచోట లోపలి రంగు బయటపడుతుంది. కాబట్టి కోసిన అంచు ఒకటి చూపించమని అడగండి. ఈ పలకల్ని కోయడంలో అనుభవం లేని మేస్త్రీ చేతికి అసలు ఇవ్వొద్దు.

స్టీలు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, 304 గ్రేడ్ తీసుకోండి. అందులో 18 శాతం దాకా క్రోమియం, 8 శాతం దాకా నికెల్ ఉంటాయి. వేడికీ పులుపుకీ చింత లేదు, గీతలు పడతాయి, కొన్నాళ్ళకి గీతల్లో గీతలు కలిసిపోయి ఒకే తీరుగా కనిపిస్తుంది. బ్లీచ్ మాత్రం వద్దు, క్లోరిన్ వల్ల గుంటలు పడతాయి. రేకు కింద ప్లైవుడ్ లేకపోతే గిన్నె పెట్టిన ప్రతిసారీ మోత.

చెక్క అయితే సింక్ పక్కన వద్దు. మిగతా చోట పెట్టుకుంటే మినరల్ ఆయిల్ పట్టిస్తూ ఉండాలి, వంటనూనె రాస్తే కొన్నాళ్ళకి కంపు కొడుతుంది. ల్యామినేట్ తేలిక, తొందరగా బిగించేయొచ్చు, కానీ అతుకు దగ్గర నీళ్ళు దిగితే లోపలి పార్టికల్ బోర్డు ఉబ్బుతుంది, ఉబ్బితే మార్చడమే.

పదార్థం ఎంత మంచిదైనా బిగింపు సరిగ్గా లేకపోతే వృథా. సింక్, హాబ్ (గట్టులోకి దించి బిగించే పొయ్యి) కోసం కోసే కన్నాల లోపలి మూలలు గుండ్రంగా ఉండాలి, పదునైన మూల వదిలితే ఒత్తిడంతా అక్కడే చేరి చీలిక మొదలవుతుంది. అతుకు సింక్ మీదుగా పోకుండా ముందే గీత గీయించండి. గట్టు ముందంచు అడుగున సన్నటి గాడి కొట్టిస్తే కారిన నీళ్ళు అలమార తలుపుల మీదికి పాకకుండా అక్కడే కింద పడిపోతాయి. చిన్న పని, చేసేవాళ్ళు చాలా తక్కువ, అడిగి చేయించుకోండి.

రోజూ శుభ్రం చేయడానికి గిన్నెల సబ్బు రెండు చుక్కలు కలిపిన నీళ్ళు, మెత్తటి గుడ్డ, తర్వాత పొడి తుడుపు, ఇంతే. ఆ పొడి తుడుపు మానేస్తేనే కుళాయి చుట్టూ తెల్లటి ఉప్పుపొర కడుతుంది. మార్బుల్ మీద దాన్ని వెనిగర్‌తో తీయబోతే ఉప్పుతో పాటు పాలిష్ కూడా పోతుంది. తుప్పుమరకలు తీసే ద్రావణాల్లో కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ ఉంటుంది, అది గ్రానైట్‌ని కూడా తినేస్తుంది, చేతికీ చాలా ప్రమాదం, సీసా మీద రాసింది చదవకుండా వాడొద్దు.

రాయిలోకి నూనె ఇంకితే కంగారుపడి గీకకండి. వంటసోడాని నీళ్ళతో చిక్కటి ముద్దలా కలిపి మరక మీద మందంగా పరిచి, పైన ప్లాస్టిక్ కవర్ అతికించి ఒక రోజు వదిలేయండి, తర్వాత కవర్ తీసి ముద్ద పూర్తిగా ఆరేదాకా ఆగండి. ఆరుతున్నకొద్దీ నూనెని పైకి లాగుతుంది. పాత మరక అయితే ఒక్కసారికి పోదు, మళ్ళీ చేయాలి. లేత రంగు రాయి మీద కాఫీ, పసుపు మరకలకి నీళ్ళ బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలపండి, ముదురు రంగు రాయి మీద అది వద్దు, రంగు వెలిసిపోవచ్చు.

గోడకీ గట్టుకీ మధ్యనున్న సిలికాన్ నల్లబడితే పైన మళ్ళీ పూత పూయడం పనికిరాదు, బూజు లోపలే ఉంటుంది. మొత్తం కోసి తీసేసి, సందు బాగా ఆరనిచ్చి, బూజుని అడ్డుకునే రకం కొత్తది నింపించండి. సింక్ కన్నం కోసినప్పుడు వచ్చే ముక్కని పనివాళ్ళని పారేయనివ్వకండి. కొత్త క్లీనర్ గానీ సీలర్ గానీ ఏది తెచ్చినా ముందు దాని మీద వేసి చూసుకోవచ్చు, ఎప్పుడైనా అంచు పెచ్చు లేస్తే రంగు కలిసే రాయిపొడి కూడా ఆ ముక్కలోంచే దొరుకుతుంది.