సమాధి ఫలకంపై వాక్యమా, వివరాలా: ఏది మేలు?

నవంబరు 2న వచ్చే సమాధుల పండుగ దగ్గరపడి, విశాఖపట్నంలోని క్రైస్తవ కుటుంబాలు సమాధులకు సున్నం వేయించి కొత్త రాళ్లు చెక్కించే పనిలో పడినప్పుడల్లా, ఫలకంపై బైబిలు వాక్యాన్ని పూర్తిగా రాయించాలా, లేక ఆ చోటును మరణించినవారి వివరాలకు ఇవ్వాలా అని పాఠకులు అడుగుతూనే ఉంటారు. పేరు, జనన మరణ తేదీలు ఎలాగూ తప్పవు కనుక, తేల్చుకోవలసింది వాటి కింద మిగిలే నాలుగైదు వరుసల సంగతే.

వాక్యం పక్షాన ఉన్న వాదన బలమైనదే. సమాధి దగ్గరకు మొదట వచ్చేది దుఃఖంలో ఉన్న ఇంటివారు. ‘యెహోవా నా కాపరి’ అన్న మాట వారికిచ్చే ఊరటను ఉద్యోగం, ఊరు వంటి వివరాలు ఇవ్వలేవు. పునరుత్థానంపై నిరీక్షణను చాటడం కూడా సమాధి రాయి చేయవలసిన పనేనని సంఘ పెద్దలు చెప్పే మాటనూ కాదనలేము. మరణించినవారే ఒక వాక్యాన్ని కోరుకుని ఉంటే ఇక చర్చ అనవసరం.

అయితే 23వ కీర్తన, రెండవ తిమోతి 4:7 వంటి కొద్దిపాటి వాక్యాలే ఏ సమాధుల తోటలో చూసినా మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఆ రాతి కింద ఉన్నది ఎవరో అవి చెప్పవు. ఆ మనిషిని కళ్లతో చూసినవారు ఒక్కరూ మిగలని కాలంలో రాయి ఏమి చెప్పగలదన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. భీమునిపట్నంలోని డచ్చివారి సమాధులనే తీసుకుందాం. 1825లో ఆ రేవు ఇంగ్లీషువారి వశమైంది, ఆ డచ్చివారి బంధువులు ఇక్కడ లేరు. అయినా పేరుతో పాటు హోదా, పుట్టిన ఊరు, వయస్సు చెక్కించే ఆనవాయితీ డచ్చివారికి ఉండటం వల్ల, అక్షరాలు మిగిలిన చోట ఒక మనిషి ఆనవాలు నేటికీ దొరుకుతుంది.

మన ఫలకాలలో తరచు లోపించేవి సరిగ్గా ఈ వివరాలే. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంతో సరిపెడితే, ఒకే పేరున్న ఇద్దరిలో తన తాత ఎవరో మునిమనవడు తేల్చుకోలేడు. స్త్రీల ఫలకాలపై ఫలానావారి భార్య అన్నది ఉంటుంది కాని, పుట్టింటివారి పేరు చాలావాటిలో ఉండదు. ఓడరేవు, రైల్వే, షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారాలలో పనికని ఇతర ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్న ఈ నగరంలో, సొంత ఊరి పేరు చెక్కించడం మరీ అవసరం.

దీనికి తోడు మన లిపికి చోటు ఎక్కువ కావాలి. పైన గుడులు, కింద ఒత్తులు ఉండటం వల్ల వరుసకూ వరుసకూ నడుమ ఎడం ఉంచక తప్పదు. చిన్న ఫలకంపై పెద్ద వాక్యాన్ని ఇరికిస్తే, రంగు నింపేసరికి ఒత్తులు ముద్దకట్టి చదవడం కష్టమవుతుంది. అందుచేత అధ్యాయం, వచనం సంఖ్యలను మాత్రం చెక్కించి, మిగిలిన వరుసలను ఇంటిపేరుకు, తల్లిదండ్రులకు, ఊరికి, వృత్తికి కేటాయించడమే మేలని నేను భావిస్తాను. సంఖ్య చూసినవారు బైబిలు తెరిచి వాక్యం చదువుకోగలరు; ఊరి పేరు వెతుక్కోవడానికి అటువంటి గ్రంథమేదీ లేదు.

రాయి విషయానికి వస్తే, పాలరాయి అక్షరాల అంచులు వాన నీటికి నెమ్మదిగా కరిగి మొద్దుబారుతాయి కనుక నల్ల గ్రానైటు మేలు. అతికించే ఇనుప అక్షరాలు సముద్రపు గాలికి తుప్పు పడతాయి. లేజరు ఫొటో చోటు మిగిలితేనే. పిల్లలు విదేశాలలో ఉన్నవారు పేరును మాత్రం ఇంగ్లీషులో కూడా చెక్కించుకోవచ్చు.

ఏది ఎంచుకున్నా, చెక్కేవారి చేత మొత్తం పాఠాన్ని ముందుగా అసలు కొలతలో కాగితంపై రాయించి, తేదీలను, ఇంటిపేరును కుటుంబంలోని పెద్దలిద్దరికి చూపించండి. గ్రానైటులో పడిన తప్పును దిద్దాలంటే ఆ ముఖమంతా అరగదీసి మళ్లీ మెరుగు పెట్టవలసి వస్తుంది.