సంపాదకుడి కుర్చీలోంచే పోటీనా, దిగి పోటీనా?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు సొంత తెలుగు వారపత్రిక ఉన్న సంపాదకుడు అసెంబ్లీకి నిలబడితే రెండే దారులు.

కుర్చీలోనే ఉంటే పత్రిక చేతిలో ఉంటుంది, చిక్కంతా ఖర్చు లెక్కలోనే. అభ్యర్థి సొంత పత్రికలో తన ప్రచారం వేసుకుంటే, ఆ జాగాకు టారిఫ్ కార్డు (పత్రిక ప్రకటనల రేట్ల పట్టిక) ధర ఎన్నికల ఖర్చులో రాయాలి. నాలుగు కాలమ్‌ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు అంటే 120 కాలమ్ సెంటీమీటర్లు; సెంటీమీటరుకు 50 రూపాయలనుకుంటే 6,000. రూపాయి చేతులు మారకపోయినా అంతే. అభ్యర్థి ఎన్నికల ఖర్చు పరిమితి 40 లక్షలు కాబట్టి సొమ్ముతో కాదు, లెక్కలో చూపకపోవడంతోనే తంటా. వార్త ముసుగులో ప్రచారం వస్తే జిల్లా మీడియా పర్యవేక్షణ కమిటీ పట్టుకుంటుంది. తెలుగులో ఉంది, ఎవరు చదువుతారులే అనుకోవద్దు. ప్రత్యర్థులే కత్తిరించి పట్టుకెళ్తారు.

దిగిపోతే ఇంప్రింట్ లైన్‌లో (పత్రికలో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు వేసే చోట) సంపాదకుడి పేరు మార్చాలి, ఆ మార్పు ప్రెస్ రిజిస్ట్రార్ దగ్గరా నమోదవ్వాలి. కానీ యాజమాన్యం తనదే అయితే పై లెక్క తప్పదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అయినా దిగడమే మేలు: ప్రత్యర్థి ప్రకటన వేయాలా వద్దా అన్న తగువు కొత్త సంపాదకుడిది.

కరపత్రాలు సొంత ప్రెస్సులో వేసినా ముద్రాపకుడు, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు ఉండాల్సిందే.